కోతకు దిగేవాళ్లే కాపలా: అనిషినాబె ప్రజలు, మనోమిన్ సరస్సులు

ఆగస్టు చివరికొచ్చేసరికి ఉత్తర మిన్నెసోటా, విస్కాన్సిన్ సరస్సుల్లో మనోమిన్ అనే నీటి ధాన్యం గింజ పాలు పోసుకుని గట్టిపడుతుంది. ఇళ్ల దగ్గర పడవలు, కర్రలు, సంచులు సిద్ధంగా ఉంటాయి. అయినా చాలా సరస్సుల్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు దిగడానికి లేదు. ఆ నీళ్ల బాధ్యత చూసే అనిషినాబె ఆదివాసి పెద్దలు ఉంటారు. ఇంగ్లీషులో వాళ్లని రైస్ చీఫ్‌లంటారు. వాళ్లు పడవలో వెళ్లి కంకులు పట్టుకుని చూస్తారు. గింజ చేతిలోకి తేలిగ్గా రాలితే సరే, లేకపోతే ఇంకొన్ని రోజులు ఆగాలి. వాళ్లు తెరిచామని చెప్పేదాకా ఆ సరస్సు మూసి ఉన్నట్టే. పంట మరీ పలచగా ఉన్న ఏడాది అసలు తెరవరు కూడా. 2007లో లేక్ సుపీరియర్‌లో నీటిమట్టం బాగా పడిపోయినప్పుడు, దాని దక్షిణ ఒడ్డున ఉన్న బ్యాడ్ రివర్ తెగ ఆ ఏటి కోతనే రద్దు చేసుకుంది.

ఆదివాసుల పర్యావరణ స్పృహ అనగానే చాలామంది మనసులో మెదిలే బొమ్మ వేరు. అడవిని ముట్టుకోకుండా, ప్రకృతిని దాని మానాన వదిలేసి బతికే మనుషులు అందులో ఉంటారు. అనిషినాబె ప్రజల విషయంలో ఈ బొమ్మ తప్పు. వాళ్లు ముట్టుకుంటారు. గింజ రాల్చుకుంటారు, చేపను పొడుస్తారు, మేపుల్ చెట్టుకి గాటు పెట్టి పాకం కాస్తారు, అడవికి పూనుకుని నిప్పు పెడతారు. కానీ తీసుకునే ప్రతి పనికీ ఒక వేళ, ఒక హద్దు, చెప్పే ఒక మనిషి ఉంటారు. తీసుకునే హక్కు, చూసుకునే బాధ్యత అక్కడ రెండు వేర్వేరు సంగతులు కావు. గత 200 ఏళ్లలో ఆ ప్రాంతంలో జరిగింది గమనిస్తే, హక్కు పోయినచోట నేల, నీళ్లు కూడా చెడిపోయాయి. హక్కు తిరిగొచ్చినచోట కాపలా కూడా తిరిగొచ్చింది.

అనిషినాబె అన్నది ఒకే తెగ పేరు కాదు. ఓజిబ్వే, ఒడావా, పొటవాటమి వంటి బంధు జాతులన్నిటికీ కలిపి ఉన్న పేరు. అమెరికా, కెనడా సరిహద్దులోని గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల, మిషిగన్ నుంచి మానిటోబా వరకు వాళ్ల ఊళ్లు ఉన్నాయి. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన డెట్రాయిట్, షికాగో, టొరంటో నగరాల నేల కూడా ఒకప్పుడు వీళ్లు తిరిగిన నేలే. వాళ్ల వలస గాథ ప్రకారం, తూర్పు సముద్ర తీరం నుంచి బయల్దేరిన పూర్వీకులకు ఒక ఆనవాలు చెప్పారు: నీళ్ల మీద తిండి పండే చోటు కనబడేదాకా పడమటికి నడవండి అని. ఆ తిండే మనోమిన్.

అమెరికన్ దుకాణాల్లో వైల్డ్ రైస్ పేరుతో నల్లగా పొడుగ్గా కనిపించే గింజ దీని చుట్టమే. కాకపోతే ఆ ప్యాకెట్లలో ఎక్కువ భాగం కాలిఫోర్నియా, మిన్నెసోటాల్లో మళ్లు కట్టి, యంత్రాలతో కోసిన పంట. సరస్సులో దానంతటది మొలిచే మనోమిన్‌కి దున్నడం, నారు పోయడం లేవు. ఏటా విత్తనం నుంచే మొలవాలి. నీళ్లలో రాలిన గింజ అడుగు బురదలో దిగి, గడ్డకట్టే చలిలో నెలల తరబడి నిద్రపోతేనే వసంతంలో మొలకెత్తుతుంది. కొన్ని గింజలు బురదలో ఏళ్ల తరబడి ఆగి కూడా మొలుస్తాయి. మొక్కకి అరడుగు నుంచి మూడడుగుల లోతు నీళ్లు నప్పుతాయి. జూన్‌లో ఆకులు నీటి మీద రిబ్బన్లలా పరుచుకుంటాయి. మొక్కకి అన్నిటికంటే ప్రమాదకరమైన రోజులవే. అప్పుడు నీటిమట్టం ఒక్కసారిగా పెరిగితే తేలే ఆకు మొక్కను పైకి లాగేస్తుంది, వేరు బురద వదిలేస్తుంది. ఆ ఏటి పంట అంతటితో సరి.

కోత పద్ధతి కూడా ఈ మొక్క స్వభావాన్ని బట్టే ఏర్పడింది. పడవకి ఇద్దరు. ముందు నీళ్లలో కొద్దిగా పొగాకు వదిలి, అడిగి తీసుకుంటున్నట్టు నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఒకరు నిలబడి, కొన చీలిన పొడుగాటి గెడతో పడవను మెల్లగా తోస్తారు. రెండోవాళ్లు కూర్చుని, ఒక దేవదారు కర్రతో కాడల్ని పడవ మీదికి వంచి, రెండో కర్రతో కంకిని తడతారు. కొట్టరు, తడతారు. పండిన గింజ పడవలో రాలుతుంది, పండనిది కంకికే ఉంటుంది. ఒకే కంకిలో గింజలన్నీ ఒకేసారి పండవు కాబట్టి, కొన్ని రోజులకు మళ్లీ అదే దారిలో రావచ్చు. కాడ విరిగితే ఆ రెండో రాకకి ఏమీ మిగలదు. తట్టిన ప్రతిసారీ కొన్ని గింజలు పడవ అంచు దాటి నీళ్లలో పడతాయి. వచ్చే ఏటి విత్తనం అదే. అంటే కోత, నాటు ఒకే పనిలో జరిగిపోతున్నాయి. ఇంటికి తెచ్చాక ఎండబెట్టడం, కళాయిలో వేయించడం, మెత్తటి తోలు చెప్పులతో తొక్కి పొట్టు విడగొట్టడం, బర్చ్ చెట్టు బెరడుతో చేసిన చేటతో చెరగడం ఉంటాయి.

మిన్నెసోటా రాష్ట్ర చట్టం కూడా ఈ పద్ధతినే తీసుకుంది. పడవ పొడవు 18 అడుగులు మించకూడదు. తట్టే కర్ర 30 అంగుళాల లోపు, బరువు ఒక పౌను లోపు ఉండాలి. సహజ సరస్సుల్లో యంత్రాలు నిషేధం. తూకం, కొలతలతో రాసిన ఈ నియమాల వెనక ఉన్నది అనిషినాబె కోతగాళ్ల తరతరాల అనుభవం.

1837లో ఇప్పటి విస్కాన్సిన్, మిన్నెసోటాల్లోని పెద్ద భూభాగాన్ని ఓజిబ్వే నాయకులు అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. కానీ ఆ ఒప్పందంలో ఒక నిబంధన పెట్టించారు: వదిలిన నేల మీద వేట, చేపల పట్టు, వైల్డ్ రైస్ (అంటే మనోమిన్) ఏరుకునే హక్కు తమకు ఉంటుందని. గింజ పేరు ఒప్పందంలో రాసి ఉంది. 1842, 1854 ఒప్పందాలు కూడా ఇదే దారిలో నడిచాయి. నేల అమ్మినా దానితో సంబంధం అమ్మలేదన్నమాట. 1850లో అధ్యక్షుడు జకరీ టేలర్ వాళ్లని పడమటికి పొమ్మని ఉత్తర్వు ఇచ్చాడు. ఏటేటా ఇవ్వాల్సిన డబ్బు, సరుకు చలికాలంలో దూరాన ఉన్న శాండీ లేక్‌లో ఇస్తామని పిలిపించారు. తిండి లేక, రోగాలతో, తిరుగు దారి మంచులో సుమారు 400 మంది చనిపోయారు. 1852లో, అప్పటికే బాగా వృద్ధుడైన బఫెలో అనే నాయకుడు వాషింగ్టన్ వెళ్లి అధ్యక్షుడు ఫిల్మోర్‌ని కలిసి ఆ ఉత్తర్వుని ఆపించాడు. ఆ తర్వాతే 1854 ఒప్పందంలో రిజర్వేషన్లు ఏర్పడ్డాయి. ఇక్కడ రిజర్వేషన్ అంటే కోటా కాదు, తెగ కోసం అట్టిపెట్టిన భూమి.

కాగితం మీద హక్కు ఉంది గానీ, రాష్ట్రాలు దాన్ని లెక్కచెయ్యలేదు. రిజర్వేషన్ గీత దాటి చేప పడితే అరెస్టు, జరిమానా. సరిగ్గా ఆ కాలంలోనే నీళ్లు కూడా దెబ్బతిన్నాయి. 1923లో విస్కాన్సిన్‌లో వింటర్ డ్యామ్ కట్టి నీళ్లు నిలిపినప్పుడు లాక్ కూర్ట్ ఒరే తెగ మనోమిన్ సరస్సులు, ఒక ఊరు, సమాధులు మునిగిపోయాయి. మిన్నెసోటాలో ఫాన్ డు లాక్ రిజర్వేషన్‌లో వ్యవసాయం కోసమని 20వ శతాబ్దం తొలి దశకాల్లో కాలువలు తవ్వి సరస్సుల నీళ్లు దించేశారు. సాగుకి ఆ నేల పెద్దగా పనికిరాలేదు, పంట ఉన్న సరస్సులు మాత్రం పాడయ్యాయి. ఒకచోట నీళ్లు ఎక్కువ చేసి, ఇంకోచోట తక్కువ చేసి ఒకే మొక్కని చంపారు. ఆ నిర్ణయాలు జరిగిన గదుల్లో, జూన్‌లో నీటిమట్టం కదలకూడదని తెలిసిన మనిషి ఒక్కరు కూడా లేరు.

1974లో లాక్ కూర్ట్ ఒరే తెగకి చెందిన ఇద్దరు అన్నదమ్ములు కావాలనే రిజర్వేషన్ గీత దాటి, గడ్డకట్టిన సరస్సులో రంధ్రం చేసి చేపను పొడిచి అరెస్టయ్యారు. కేసు నడిచి నడిచి 1983లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది: ఒప్పందాల్లోని హక్కు ఇంకా బతికే ఉంది. దీన్నే వాయిట్ తీర్పు అంటారు. మిన్నెసోటా వైపు ఇదే విషయాన్ని 1999లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఖాయం చేసింది. తీర్పు వచ్చిన తర్వాతి వసంతాల్లో విస్కాన్సిన్ సరస్సుల ఒడ్డున జరిగినవి చదివితే ఇప్పటికీ బాధేస్తుంది. రాత్రిపూట పడవల్లో దీపాలు పెట్టుకుని వాల్‌ఐ చేపల్ని పొడిచేందుకు వచ్చిన కుటుంబాల మీద వందలమంది గుమిగూడి రాళ్లు విసిరారు, బూతులు తిట్టారు. వీళ్లు సరస్సుల్ని ఖాళీ చేసేస్తారన్నది వాళ్ల వాదన.

జరిగింది దానికి విరుద్ధం. తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 1984లో, తెగలు కలిసి గ్రేట్ లేక్స్ ఇండియన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ కమిషన్ పెట్టుకున్నాయి. ఇందులో ఇప్పుడు 11 తెగలున్నాయి. సొంత శాస్త్రవేత్తలు, సొంత వార్డెన్లు, సొంత చట్టాలు. ప్రతి సరస్సులో చేపలెన్ని ఉన్నాయో అంచనా వేసి, సురక్షితంగా ఎన్ని పట్టొచ్చో తేల్చి, అందులో తెగ వాటా ప్రకటిస్తారు. ఏ రాత్రికి ఆ రాత్రి, ఏ సరస్సుకి ఆ సరస్సు పర్మిట్ ఉంటుంది. ఒడ్డుకి రాగానే సిబ్బంది చేపల్ని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు, కొలతలు రాసుకుంటారు. వాటా అయిపోతే ఆ సరస్సు మూత. సరదాకి గేలం వేసే లక్షలమంది పట్టిన చేపలకి ఇలాంటి లెక్క లేదు, వాళ్లది నమూనా సర్వేల అంచనా మాత్రమే. 1991లో ఫెడరల్, రాష్ట్ర, తెగ శాస్త్రవేత్తలు కలిసి ఇచ్చిన నివేదిక, ఓజిబ్వేల పొడుపు వల్ల చేపల సంతతికి హాని జరగలేదని చెప్పింది. ఆ వివాదం వల్లే అక్కడి సరస్సుల గురించి ఇంత పక్కా సమాచారం పోగుపడింది.

అలాగని అనిషినాబెలు ఎన్నడూ అతిగా తీసుకోలేదని చెప్తే అది అబద్ధమవుతుంది. రెడ్ లేక్ కథ చూడాలి. ఉత్తర మిన్నెసోటాలోని ఈ మహా సరస్సులో ఎక్కువ భాగం రెడ్ లేక్ తెగ ఉమ్మడి ఆస్తి. ముక్కలుగా పంచి ఇచ్చే ప్రభుత్వ విధానానికి 1889లో తలొగ్గకుండా నేలని కలిపే ఉంచుకున్న తెగ అది. అయితే వాణిజ్య వలల వేట దశాబ్దాలు సాగి, దొంగచాటు పట్టు, రాష్ట్రం వైపు గేలాలు కూడా తోడై, 1990ల మధ్యకొచ్చేసరికి వాల్‌ఐ దాదాపు అంతరించింది. అప్పుడు తెగ జాలర్లే ముందుకొచ్చి 1997లో వలలు ఆపేశారు. రోజూ కూలి డబ్బు తెచ్చే పని అది, మానుకోవడం తేలిక కాదు. 1999లో తెగ, రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుని కోట్ల సంఖ్యలో చేపపిల్లల్ని వదిలాయి. 2006లో సరస్సు మళ్లీ తెరిచారు. ఎప్పటికీ తప్పు చేయని జనం అన్న పొగడ్త కంటే, తప్పు తెలిశాక తొమ్మిదేళ్లు వల వెయ్యకుండా ఆగిన జనం అన్న నిజం వాళ్లకి ఎక్కువ గౌరవం ఇస్తుంది.

నిప్పు సంగతి కూడా ఇలాంటిదే. ఎర్ర పైన్ అడవుల్లో, బ్లూబెర్రీ పొదల్లో ఓజిబ్వేలు చిన్నచిన్న మంటలు పెట్టేవాళ్లు. నేలమట్టం మంట పోయాక పొదలు కొత్త చిగురేసి కాయలు విరగకాసేవి, పెద్ద పైన్ చెట్లకి మందపాటి బెరడు వల్ల ఏమీ అయ్యేది కాదు. లేక్ సుపీరియర్ ఒడ్డున పాత పైన్ చెట్ల వలయాల్లో తరచుగా వచ్చిన మంటల మచ్చలు కనిపిస్తాయి, మంటల మీద నిషేధం వచ్చాక అవి ఆగిపోతాయి. ఇప్పుడు కొన్ని తెగలు అటవీ శాఖలతో కలిసి మళ్లీ అదుపు మంటలు పెడుతున్నాయి.

మనోమిన్‌కి ఈ రోజుల్లో ఒక పెద్ద టెన్షన్ గనుల నుంచి. ఈశాన్య మిన్నెసోటాలో ఇనుప ఖనిజం తవ్వినచోట నుంచి సల్ఫేట్ నీళ్లలో కలుస్తుంది. సల్ఫేట్ నేరుగా మొక్కని చంపదు. గాలి ఆడని అడుగు బురదలో ఉండే బ్యాక్టీరియా దాన్ని సల్ఫైడ్‌గా మారుస్తుంది, వేరుకి విషం అదే. మనోమిన్ పెరిగే నీళ్లలో సల్ఫేట్ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటకూడదని 1973లోనే మిన్నెసోటా నియమం పెట్టింది. నియమం బాగుంది, అమలు మాత్రం దశాబ్దాల పాటు దాదాపు లేదు. అమలు చేస్తే ఉద్యోగాలు పోతాయని గనుల ప్రాంతపు రాజకీయం ఒత్తిడి పెట్టడం, శాసనసభ అడ్డుపుల్లలు వెయ్యడం. తెగలు పట్టు వదలకపోవడంతో 2021లో ఫెడరల్ పర్యావరణ సంస్థే కలగజేసుకుని, సల్ఫేట్‌తో చెడిన మనోమిన్ జలాల్ని కలుషిత జలాల జాబితాలో చేర్చింది.

ఇక్కడే తెగల చేతికి ఒక గట్టి ఆయుధం దొరికింది. అమెరికా జల చట్టం కింద, అర్హత సాధించిన తెగకి ఒక రాష్ట్రంతో సమానంగా నీటి ప్రమాణాలు పెట్టుకునే అధికారం ఉంటుంది. ఫాన్ డు లాక్ తెగ ఆ అధికారం సంపాదించుకుంది. సెయింట్ లూయిస్ నది ఎగువన పాలీమెట్ అనే కంపెనీ రాగి, నికెల్ గని తవ్వడానికి పర్మిట్ తెచ్చుకుంటే, నదిలో దిగువ ఉన్న ఫాన్ డు లాక్ తమ నీటి ప్రమాణాలు దెబ్బతింటాయని నిలదీసింది. ముఖ్యంగా చేపల్లో చేరే పాదరసం గురించి. 2023 జూన్‌లో, ఇలాంటి అనుమతులిచ్చే ఫెడరల్ సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ ఆ పర్మిట్ రద్దు చేసింది. ప్రయోగశాల పరీక్షలు, ఏళ్ల తరబడి నీటి నమూనాలు, లాయర్ల వాదనలు లేకుండా ఇది జరిగేది కాదు. అదే తెగ ఇంకోపక్క పాత కాలువల మీద చిన్న ఆనకట్టలు కట్టి సరస్సుల నీటిమట్టం సరిచేస్తోంది, మనోమిన్ చోటు ఆక్రమించిన కలుపుని పడవ యంత్రాలతో కోసి తీసేస్తోంది.

బ్యాడ్ రివర్ తెగది ఏళ్ల తరబడి సాగిన పోరాటం. వాళ్ల కకాగన్ చిత్తడి నేలలు 2012లో, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్సర్ జాబితాకెక్కాయి. అక్కడి మనోమిన్ బీళ్లు లేక్ సుపీరియర్ ఒడ్డున మిగిలిన వాటిలో చాలా పెద్దవి. ఆ రిజర్వేషన్ గుండా 1953లో వేసిన లైన్ 5 చమురు పైపు వెళ్తుంది. కొన్ని స్థలాల్లో దారి హక్కు గడువు 2013లో ముగిసింది, మళ్లీ ఇచ్చేది లేదని తెగ మండలి 2017లో తీర్మానించింది. పైపు నడిపే ఎన్‌బ్రిడ్జ్ కంపెనీ చమురు పంపడం ఆపలేదు. ఈలోగా నది ఒరుసుకుంటూ గట్టు తింటూ పైపు దగ్గరికి వచ్చేసింది. మూడేళ్లలో ఆ భాగం మూసెయ్యాలని, అక్రమంగా వాడుకున్నందుకు సుమారు 51 లక్షల డాలర్లు కట్టాలని 2023లో ఫెడరల్ జడ్జి తీర్పు చెప్పాడు. కంపెనీ పై కోర్టుకి వెళ్లింది, రిజర్వేషన్ చుట్టూ కొత్త దారి వేస్తానంది. కొత్త దారి కూడా ఎగువ నీళ్ల మీదుగానే పోతుంది, అక్కడ కారితే చేరేది మళ్లీ కకాగన్‌కే అన్నది తెగ అభ్యంతరం.

అన్ని దారులూ ఫలించలేదు. వైట్ ఎర్త్ తెగ 2018లో మనోమిన్‌కే చట్టపరమైన హక్కులు ఇస్తూ చట్టం చేసింది. లైన్ 3 అనే మరో చమురు పైపు పనులకి భూగర్భజలం తోడటానికి రాష్ట్రం అనుమతి ఇచ్చినప్పుడు, మనోమిన్ పేరునే తెగ తన సొంత కోర్టులో కేసు వేసింది. రిజర్వేషన్ బయట, తెగకి చెందనివాళ్లు చేసిన పని మీద తమకి అధికారం లేదని ఆ తెగ అప్పీల్ కోర్టే 2022లో కేసు కొట్టేసింది. ఆలోచన గొప్పదే, కానీ నీళ్లు పారే దూరం కోర్టు అధికారం పారలేదు.

కెనడా వైపు పరిస్థితి మరో రకం. ఒంటారియోలో గ్రాసీ నారోస్ అనే అనిషినాబె ఊరికి ఎగువన ఒక కాగితపు మిల్లు 1962 నుంచి 1970 వరకు సుమారు 9,000 కిలోల పాదరసం నదిలో వదిలింది. చేపలతో బతికిన ఊరికి చేపే విషమైంది, ఆ జబ్బులు ఇప్పటికీ తీరలేదు. దానికి ఉత్తర పడమటగా, మానిటోబా, ఒంటారియో సరిహద్దులో, అనిషినాబె ఊళ్లు తమ వేట దారులతో సహా 29,040 చదరపు కిలోమీటర్ల అడవిని పిమాచియోవిన్ అకీ పేరుతో 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్పించుకున్నాయి. అంతకుముందు 2013లో అది ఆగిపోయింది. ఇతర ఆదివాసుల సంప్రదాయం కంటే మీది ఎలా గొప్పదో నిరూపించండని నిపుణులు అడిగారు. పొరుగువాళ్లకంటే మేం గొప్ప అని చెప్పడం మా పద్ధతి కాదని ఆ ఊళ్లు ఒప్పుకోలేదు. చివరికి యునెస్కోయే తన దృష్టి కొంత మార్చుకోవాల్సి వచ్చింది.

వాతావరణ మార్పు ముందు మాత్రం ఈ ఏర్పాట్లన్నీ ఇరుకున పడుతున్నాయి. చలికాలం తగ్గితే బురదలో గింజకి చాలినంత నిద్ర ఉండదు. జూన్ కుండపోతలు తేలే ఆకుల్ని పీకేస్తాయి. ఉక్కపోత వేసవిలో గోధుమరంగు మచ్చ తెగులు వస్తుంది. 1984లో తెగలు పెట్టుకున్న కమిషన్ తమ ప్రాంతపు జీవాల పరిస్థితి అంచనా వేసినప్పుడు ఎక్కువ ముప్పులో ఉన్నది మనోమినే అని తేలింది. తెగలు, శాస్త్రవేత్తలు కలిసి 2019లో వాతావరణ సర్దుబాటుకి ఒక కార్యాచరణ పుస్తకం తయారుచేశారు. ఏ పని మొదలుపెట్టే ముందైనా స్థానిక పెద్దల్ని అడగడం, తొందరపడకుండా ముందు చూసి నేర్చుకోవడం అందులో నియమాలు.

అసలు చిక్కు హద్దుల్లో ఉంది. ఒప్పందపు హక్కులు 1837, 1842, 1854లలో గీసిన గీతల లోపలే చెల్లుతాయి. మొక్కలు, జంతువులు చలిని వెతుక్కుంటూ ఆ గీతలు దాటి ఉత్తరానికి జరుగుతున్నాయి. ఈశాన్య మిన్నెసోటాలో 2006లో 8,800 దాకా ఉన్న మూస్ దుప్పుల సంఖ్య తర్వాతి పదేళ్లలో సగానికి పైగా పడిపోయింది. గ్రాండ్ పోర్టేజ్ తెగ వాటికి రేడియో కాలర్లు కట్టి కారణాలు వెతుకుతోంది, తన వేటనూ తగ్గించుకుంది. మూస్ కెనడాలోకి వెళ్లిపోతే వెంట వెళ్లే హక్కు తెగకి లేదు, మనోమిన్ ఉత్తరాన కొత్త సరస్సులో మొలిస్తే అక్కడ తెరవాలో వద్దో చెప్పే అధికారం రైస్ చీఫ్‌కి లేదు. 19వ శతాబ్దపు నాయకులు నేల వదులుకుంటూ కూడా గింజని విడవకుండా ఒప్పందం రాయించారు. గింజే నేల వదిలే పరిస్థితి వస్తే ఏం చెయ్యాలో ఆ ఒప్పందాల్లో లేదు. దానికి ఇప్పుడున్న ప్రభుత్వాలతో, సరిహద్దు అవతలి తెగలతో కొత్త ఒప్పందాలు రాసుకోవాల్సిందే. ఆ చర్చలో మొదటి కుర్చీ ఆ నీళ్లలో పడవ వేసేవాళ్లదే కావాలి.